ప్రేమచిత్రమున సమయము: విద్యార్థి రచనలో దాని వినియోగము

తెలుగు శాఖలోని అధ్యాపకుని బల్లమీదికి ఒకప్పుడు విద్యార్థుల పద్యఖండికలు వచ్చెడివి. తరువాత వచనకవితలును కథానికలును వచ్చినవి. ఇప్పుడు లఘుచిత్రములు వచ్చుచున్నవి. వ్రాతప్రతికి మారుగా చేతిఫోను మన యెదుట నుంచి, పదునైదు నిమిషములు చూచి అభిప్రాయము చెప్పవలసినదిగా విద్యార్థులు కోరుచున్నారు. వానిలో పెక్కు ప్రేమకథలు. ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. శృంగారమొక్కటే రసమని భోజుడు ‘శృంగారప్రకాశము’న వాదించిన దేశము మనది. ఆశ్చర్యము గొలుపునది వేఱొకటి. ఈ యువకులందఱును భయపడు మాట యొకటి కలదు. అది ‘రొటీన్’. తమ చిత్రము రొటీనుగా నున్నదని ఎవ్వరైన అందురేమో యని వారి బెంగ. ఆ బెంగతో చివరి రెండు నిమిషములలో ఒక మలుపు తెచ్చి పెట్టుదురు: నాయిక ఎన్నడో చనిపోయి యుండుట, కథ యంతయు కల యగుట, ఉత్తరములు వ్రాసినది ఆమె కాదు ఆమె చెల్లెలని తేలుట. మలుపునకు ముందున్న పదుమూడు నిమిషములు మాత్రము ఇతర చిత్రములనుండి ఉన్నవి ఉన్నట్లు తెచ్చుకొన్నవే.

రూఢమైనదానిని విడుచుట యెట్లు? అని వారు మమ్ము అడుగుచున్నారు. ఆ ప్రశ్నయే సరియైనది కాదని మా యభిప్రాయము. రూఢి దోషము కాదు. ప్రేమకథలో ఎరువు తెచ్చుకొనదగినవి అనేకములు కలవు. ఎరువు తేరానిది ఒక్కటే కలదు. అది ప్రేమకు వచ్చు అడ్డు. నాయికా నాయకుల నడుమ నిలుచు అడ్డు తమ ఊరిది కానిచో, తక్కినదెంత క్రొత్తదైనను చిత్రము నిలువదు. అది తమ ఊరిదైనచో తక్కినదెంత పాతదైనను నష్టము లేదు. ఈ మాటను పూర్వకావ్యములు కొన్నింటిని, చలనచిత్రములు కొన్నింటిని సాక్ష్యముగా గొని పరిశీలించి, పిదప నెల్లూరు జిల్లా పడమటి సీమలోని వింజమూరు వంటి చోట ఒక విద్యార్థి ప్రేమచిత్రము తీయదలచినచో అతని చేతికి అందునవి యేవో విచారింతము.

పాశ్చాత్యులు జానర్ అనుదానిని మనము ప్రక్రియ యనుచున్నాము. ప్రక్రియకు లోబడి వచ్చు కట్టుబాట్లకు మన ఆలంకారికులు పెట్టిన పేరు ‘సమయము’. సమయమనగా ఒడంబడిక. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో 14, 15, 16 అధ్యాయములను కవిసమయములకే కేటాయించెను. శాస్త్రమునకును లోకమునకును సరిపడకున్నను కవులు పరంపరగా చెప్పుచు వచ్చిన అర్థమే కవిసమయమని అతని వివరణ. చకోరము వెన్నెల త్రావును. కీర్తి తెల్లగా నుండును. హంస పాలను నీటిని వేఱుచేయును. చకోరమును పట్టి తెచ్చి పరీక్షించిన పాఠకుడు లేడు. కవి యొకటి చెప్పును, పాఠకుడు దానిని ఒప్పుకొనును. ఆ ఒప్పుదల వలన కవికి వివరణభారము తప్పును. సమయము యొక్క మొదటి ప్రయోజనము పొదుపు. ప్రబంధకవికి ఐదాఱు ఆశ్వాసముల చోటు కలదు. విద్యార్థికి ఉన్నవి పదునైదు నిమిషములు, ఒక ఫోను, ముగ్గురు మిత్రులు, ఒక ఆదివారము. ఇంత ఇఱుకులో పనిచేయువాడు సమయమును విడిచిపెట్టుట ధనవంతుని దుబారా వంటిది. బస్సు ఆగు చోట ఇరువురు అపరిచితులు, ఒక గొడుగు, వాన: ఈ నాలుగింటిని చూపినంతనే ప్రేక్షకునకు కథ తెలిసిపోవును. అతడు తెలిసికొనుటకు పట్టిన మూడు క్షణములు పోను మిగిలిన కాలమంతయు దర్శకునిది. దానితో అతడేమి చేయును అనునదే విమర్శకుడు అడుగవలసినది.

1984లో రిక్ ఆల్ట్‌మన్ అను అమెరికా పండితుడు చలనచిత్రప్రక్రియలను గూర్చి వ్రాయుచు, ప్రక్రియలోని సామగ్రి వేఱు, ఆ సామగ్రిని కూర్చు అన్వయము వేఱు అని విభాగము చేసెను. భాషలో పదకోశమునకును వాక్యనిర్మాణమునకును గల భేదము వంటిదిది. మన శాస్త్రభాషలో చెప్పవలెనన్నచో విభావాదులొక పక్కను, ముఖము మొదలు నిర్వహణము వఱకు గల పంచసంధులు ఒక పక్కను ఉన్నవనవచ్చును. పోలిక అన్ని యెడల అతుకదు; మా పనికి చాలును. విద్యార్థులు ఎరువు తెచ్చుకొనుచున్నది పదకోశమును. వాక్యము వ్రాయుట నేర్వక మునుపే ఇతరుల పదములతో నోరు నింపుకొనుచున్నారు.

ఉద్దీపనవిభావముల సంగతి త్వరగా ముగింపవచ్చును. చంద్రుడు, వసంతము, కోకిల, మలయానిలము అను పాత పట్టికకు మారుగా వాన, గ్రంథాలయము, చేతినుండి పుస్తకములు జాఱుట, నాయిక కురులు మెల్లమెల్లగా గాలికి ఎగురుట అను క్రొత్త పట్టిక వచ్చినది. ఆ గాలి చట్రమునకు అవతల నిలుచున్న మిత్రుని చేతిలోని ఫ్యానుది అని ప్రేక్షకునకు చక్కగా తెలియును. ఐనను ఒప్పుకొనును. మలయపర్వతము నుండి తెలుగుదేశమునకు నిత్యము గాలి వచ్చుననగా ఒప్పుకొన్నవారి సంతతియే కదా! ఇందు తప్పు పట్టవలసినది లేదు. కాని ఉద్దీపనమునకు దేశకాలములు బలమిచ్చునను సంగతి మఱవరాదు. వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతము చాలవఱకు మెట్టసీమ. వేసవిలో వడగాడ్పు, పడమట వెలిగొండలు. అట్టి చోట మబ్బు పట్టినపుడు ఆకాశమువైపు చూచునది ప్రేమికులు మాత్రమే కాదు, ఊరంతయు చూచును. అచటి వానలో ఇరువురు తడిసినచో ఆ వానకు సముద్రతీరపు వానకు లేని అర్థము వచ్చును. మాకు చూపబడిన చిత్రములలో మాత్రము ఉదయగిరి కోట కేవలము పాటకు వెనుక తెరగా నున్నది. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతులనుండి గెలుచుకొన్న దుర్గమది. దాని గోడ ప్రక్కన నాయకుడు చేతులు చాచి నిలువబడును. ఆ గోడ ఏ గోడయైనను ఆ దృశ్యమునకు చాలును.

దూతికాసమయము ఇంతకన్న రుచికరమైనది. శ్రీనాథుని ‘శృంగారనైషధము’లో హంస, పింగళి సూరన ‘ప్రభావతీప్రద్యుమ్నము’లో శుచిముఖి యను హంసి. ఇవి వార్తలు మోయు పక్షులు మాత్రమే కావు. శుచిముఖి మాటకారి, ఎవరితో ఎంత చెప్పవలెనో, ఎచట ఆపవలెనో తెలిసినది. కథ నడుచుట దాని చాతుర్యము మీదనే. కాలేజీ చిత్రములలో ఆ హంస స్థానమున నాయకుని మిత్రుడు వచ్చినాడు. అతనికి హాస్యము తప్ప వేఱు పని లేకుండుట మా దృష్టిలో పెద్ద నష్టము. ఫోను వచ్చిన తరువాత అతనికి వార్త మోయు పనియు పోయినది. దూత పోవుటతో పాటు పోయినది ఆలస్యము. ఆలస్యము లేనిదే విప్రలంభము లేదు. పంపిన సందేశమునకు క్షణములో నీలపు గుర్తులు వచ్చు నేటి లోకమున విరహమును ఎక్కడ నిలుపవలెను? తెలివిగల విద్యార్థి కొందఱు ఇందుకు మార్గము కనుగొనుచున్నారు: చూచియు బదులు వ్రాయకుండుట. ‘చూచినది’ అను గుర్తునకును బదులునకును నడుమ గల కాలమే నేటి విరహము. ఒక ముఖము, ఒక తెర వెలుగు, గడియారపు చప్పుడు, ఖర్చు లేదు. నాట్యశాస్త్రము చెప్పిన అభిలాష మొదలు మరణము వఱకు గల పది కామావస్థలలో చింతనము, అనుస్మృతి, ఉద్వేగము అను మూడింటిని ఆ యొక్క దృశ్యమున చూపవచ్చును. సమయము చావలేదు, వేషము మార్చినది.

ఇక అడ్డు. శాకుంతలమున దుర్వాసుని శాపమే అడ్డని తఱచుగా చెప్పుదుము. కాని ఆ శాపము ఎట్లు వచ్చినది? భర్తనే తలచుచు వాకిట నిలిచిన అతిథిని ఆమె గమనింపకపోవుట వలన. ప్రేమయే ప్రేమకు అడ్డు తెచ్చినది. బి.యన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951)లో నాగరాజు మాఱువేషముననున్న రాయలతో పరిహాసముగా మల్లికి పల్లకి పంపుమని యడుగును. పల్లకి నిజముగా వచ్చును. ఆమెను రాణివాసమునకు గొనిపోవును. ఇచట విరోధి యని చెప్పదగిన దుష్టుడు లేడు. రాజు మంచివాడే, అడిగినదే యిచ్చెను. పరిహాసపు మాట ఒకటి రాజ్యశాసనమై తిరిగివచ్చి ఇరువురి నడుమ గోడ కట్టినది. ఈ చిత్రమందలి ఉద్దీపనములు పాతవే. వానయు కలదు, ఎడ్లబండియు కలదు. నేటికిని చిత్రము నిలిచియుండుట ఆ అడ్డు యొక్క అల్లిక వలన.

కె. బాలచందర్ ‘మరో చరిత్ర’ (1978) ఇంకను ఉపదేశకరమైనది. నాయకుడు తమిళుడు, నాయిక తెలుగుపిల్ల, ఇండ్లు ప్రక్కప్రక్కన, ఊరు విశాఖపట్టణము. రెండు కుటుంబముల పెద్దలు కలిసి పెట్టిన నియమము ఒక సంవత్సరము ఎడబాటు. విప్రలంభమునకు గడువు వ్రాసి ఇచ్చిన ఒడంబడిక యిది! ప్రక్రియలోని సమయమే కథలోని షరతు అయినది. అదే చిత్రమున లిఫ్టులో చిక్కుకొన్న నాయకుడు తెలుగు చలనచిత్రముల పేర్లతోనే అల్లిన పాట పాడును. తెలుగు సరిగ రాని వానికి ప్రేమను చెప్పుటకు దొరకిన పదకోశము సినిమా పేర్లు. తాను ఎరువు తెచ్చుకొన్నాడను సంగతిని చిత్రము దాచలేదు, ఆడుకొన్నది. నాయకుని ఛాయాచిత్రమును తల్లి తగులబెట్టగా ఆ బూడిదను నాయిక పానీయమున కలిపి త్రాగు దృశ్యము కొందఱకు అతిశయముగా తోచవచ్చును. ఉన్మాదావస్థకు మాటలతో చేసిన వర్ణనలెన్నియో చదివిన మాకు, అంత చిన్న వస్తువుతో దానిని చూపుట మెచ్చదగినదిగానే తోచినది. భారతీరాజా ‘సీతాకోకచిలుక’ (1981)లో అడ్డు మతము. అదియు ఏ ఊరిలో, ఏ ఇంటిలో ఎట్లుండునో తెలిసి తీసినది.

వీనికి ప్రక్కన విద్యార్థుల చిత్రములను నిలుపుము. అచట అడ్డు మూడు తెఱగులు. మొదటిది ధనము: నాయిక తండ్రి కారులో వచ్చి నాయకుని ‘నీ స్తోమత యేమి?’ అనును. తేజ ‘నువ్వు నేను’ (2001)లో ధనికుని కుమారునికిని పాలవ్యాపారి కుమార్తెకును నడుమ ఈ అడ్డు ఉండుటకు అచటి లోకము ఒప్పును. పడమటి నెల్లూరి పల్లెలో పదునైదు నిమిషముల కథకు ఆ కారు ఎక్కడిది? అద్దెకు తెచ్చినది, కథయు అద్దెదే. రెండవది విదేశయానము. మూడవది వ్యాధి. మణిరత్నం ‘గీతాంజలి’ (1989)లో ఇరువురును మరణము నెఱిగినవారు. ఆ యెఱుకయే అచటి చిలిపితనమునకు ఆధారము. ఆ యాధారమును విడిచి వ్యాధిని మాత్రము తెచ్చుకొన్నచో అది కంటినీటికి ఉల్లిపాయ వంటిది.

ఈ మూడింటిని వాడువారు వాడనిదొకటి కలదు. అది కులము. అధ్యాపకులెవ్వరును దీనిని కాదనలేరు. తమ కళ్లయెదుట, తమ వీథిలో, తమ తరగతిలో ప్రేమకు వచ్చు మొదటి అడ్డు ఏదో ప్రతి విద్యార్థికి తెలియును. కథ వ్రాయునపుడు మాత్రము దానిపై ధనము ముసుగు కప్పును. పాత్రలకు పేర్లుండును, ఇంటిపేర్లుండవు. ఇరువది యేండ్ల నాయకునకు కాన్సరు ఇచ్చుట మన విద్యార్థులకు సులభముగా నున్నది. ఇంటిపేరు ఇచ్చుట కష్టముగా నున్నది. వారిని పిఱికివారనుట మా యుద్దేశము కాదు. చిత్రము తీసినవాడు ఆ వీథిలోనే కాపురముండవలెను, నటించిన పిల్ల ఆ వీథినుండియే కాలేజీకి పోవలెను. పట్టణపు విమర్శకునకు లేని భయమది. ఐనచో పేరు చెప్పకయే అడ్డును చూపు మార్గములు లేవా? సందీప్ రాజ్ ‘కలర్ ఫోటో’ (2020) ఇచట పనికివచ్చును. లఘుచిత్రముల నుండి వచ్చిన దర్శకుని తొలిచిత్రమది. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయపురస్కారము పొందినది. మచిలీపట్టణము, 1990ల కాలము. పాలు అమ్ముకొనుచు ఇంజనీరింగు చదువు నల్లని యువకుడు. నాయిక అన్న పోలీసు అధికారి. సమయములన్నియు రూఢములే: పేద నాయకుడు, కాలేజీ, కఠినుడైన అన్న. కాని అడ్డును దేహవర్ణముగా చూపుటతో, ప్రేక్షకుడు ఆ రంగు వెనుక మఱియేమేమి చదువుకొనవలెనో తానే చదువుకొనును. మనదేశమున రంగును గూర్చి మాటాడువారు రంగును గూర్చి మాత్రమే మాటాడరు. ఇది ధ్వనిమార్గము. ముసుగునకును ధ్వనికిని భేదము కలదు: ముసుగు అడ్డును దాచును, ధ్వని దానిని చూపును.

ఒక సమయము విషయమున మాత్రము మాకు రాజీ లేదు. నాయిక వద్దన్నను నాయకుడు వెంట తిరుగుట, చివరకు ఆమె లొంగుట: దీనిని ప్రేమచిత్రములు ఏండ్ల తరబడి సమయముగా పోషించినవి. సమయము లోకవిరుద్ధమైనను చెల్లునని రాజశేఖరుడు చెప్పినాడు గదా యని ఒక పరిశోధక విద్యార్థి మాతో వాదించెను. చకోరము వెన్నెల త్రాగుట వలన ఎవ్వరికిని హాని లేదు. వెంటపడుట 2013లో శిక్షాస్మృతిలో నేరముగా చేర్చబడినది. 2024 జూలైలో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలోను నేరమే. పూర్వకావ్యము కూడ వీరికి అండ కాదు. ఉదయగిరిని గెలిచిన రాయల ఆస్థానకవి పెద్దన ‘మనుచరిత్రము’లో కోరినది వరూథిని, వద్దన్నది ప్రవరుడు. అతడు త్రోసివైచి పోయెను; కవి అతనిని మరల ఆమెవద్దకు తేలేదు. మాఱురూపున గంధర్వుడు వచ్చినాడే కాని ప్రవరుని ‘వద్దు’ వద్దుగానే నిలిచినది. నిరాకరణమును నిరాకరణముగా గౌరవించి కథను ముందునకు నడుపు ఉపాయము మన సాహిత్యమున దాదాపు ఐదు శతాబ్దములకు పూర్వమే కలదు. ఆ గౌరవము నాయికకు దక్కని చోట ఆమె యొక ఉద్దీపనవిభావము మాత్రమే, ఆలంబనము కాదు.

నాయికను గూర్చి ఇంకొక చిక్కు. చిన్న ఊళ్లలో విద్యార్థిచిత్రములకు నాయిక దొరకదు. పిల్లలకు ఇష్టమున్నను ఇంటివారు ఒప్పుకొనరు. కావున పెక్కు చిత్రములలో ఆమె వెనుకనుండి కనిపించును. లేదా జడ, గాజులు, పట్టీలు మాత్రమే కనిపించును. దీనిని లోపముగా నెంచి యువకులు సిగ్గుపడుచున్నారు. సిగ్గుపడవలసిన పని లేదు. ‘మేఘసందేశము’న యక్షుని భార్య ఒక్కమాఱును మన యెదుటికి రాదు, ఆమెను గూర్చి వినుచున్నదంతయు అతని మాటయే. కనిపించని నాయిక విప్రలంభమునకు సహజమైన రూపము. కాని మేఘసందేశములో నుండి మేఘమును మాత్రము తెచ్చుకొనరాదు. యక్షుడు మాటాడును, ఆమె మాటాడదు. ఆ ఏకపక్షత నేటి చిత్రమున దోషమగును. ముఖము లేని నాయికకు మాట యుండవలెను, వ్రాత యుండవలెను. తంజావూరి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను తలచికొనుడు. రాధయు కృష్ణుడును, అలుకయు, సాంత్వనమును అన్నియు పాత సమయములే. వ్రాసినది స్త్రీ యగుటతో రాధ యీర్ష్యకు క్రొత్త స్వరము వచ్చినది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని ప్రకటించినపుడు పెద్దలు కలవరపడినది ఆ స్వరమునకే యని మా తలంపు; కావ్యమందలి శృంగారము వారికి క్రొత్తది కాదు.

ఇంతవఱకు మాటలాడుకొన్నవన్నియు ఒక్కచోట చేరినది ‘పుష్పకవిమానము’ (1987). ఈ చిత్రదర్శకుడు సింగీతం శ్రీనివాసరావు నెల్లూరు జిల్లావారగుట పడమటి సీమ విద్యార్థులు తెలిసికొనవలసిన విషయము. చిత్రమున ఒక్క సంభాషణయు లేదు. మూకీ కాదు, ధ్వనులన్నియు ఉన్నవి, పలుకు మాత్రము లేదు. నిరుద్యోగియైన యువకుడు ఒక ధనవంతుని దాచిపెట్టి, పెద్ద హోటలులో అతని గదిలో అతని వేషమున నివసించును. ఆ హోటలులోనే ఐంద్రజాలికుని కుమార్తె. ప్రేమ పుట్టుట, పెరుగుట అంతయు చూపులతో, సైగలతో నడచును. సంభాషణ లేకయే ఇంత కథ నడుచుటకు కారణమేమి? ప్రక్రియాసమయముల మీద అతడు మోపిన బరువు. తొలిచూపు, దాగుడుమూతలు, కానుక, అలుక: ప్రేక్షకుడు వీనిని ముందే యెఱుగును గనుక మాటల యక్కఱ లేకపోయినది. రూఢిని ద్వేషించువాడు ఈ చిత్రమును తీయలేడు.

అడ్డు ఎక్కడిది? నాయకుని అబద్ధము. అతడు ధనికుడు కాడు. ‘నీ స్తోమత యేమి?’ అని అడుగుటకు ఏ తండ్రియు కారులో రాలేదు. ఆ ప్రశ్న అతని గదిలోనే, అతని తోలుపెట్టెలోనే యున్నది. ధనమను అడ్డు ఎంత పాతదైనను, దానిని బయటినుండి లోపలికి త్రిప్పినపుడు ఎట్లు క్రొత్తదగునో ఇచట చూడవచ్చును. మేడమీది యిఱుకు గదిలో సినిమాహాలు మోతకు అలవాటుపడిన అతనికి హోటలు నిశ్శబ్దమున నిద్ర పట్టదు. ఆ మోతను టేపున పట్టి తెచ్చి, దానిని వినుచు నిద్రపోవును. నవ్వుతో చూతుము, కాని అతడు ఏ వర్గమువాడో ఇంతకన్న స్పష్టముగా ఏ సంభాషణ చెప్పగలదు?

చివర నాయిక ఊరు విడిచి పోవుచు, గులాబిపువ్వునకు తన చిరునామా వ్రాసిన కాగితము చుట్టి అతనివైపు విసరును. పువ్వు చేతికి వచ్చును. కాగితము గాలికెగిరి మురుగుకాలువలో పడును. అభిజ్ఞానసమయమును ఇంత నిర్దాక్షిణ్యముగా తలక్రిందు చేసిన చిత్రమును మేమెఱుగము. శాకుంతలమున ఉంగరము నీట పోవును, తరువాత దొరకును, దొరకగానే ఎఱుక తిరిగివచ్చును. ఇచట గుర్తు చేతిలోనే యున్నది, ఎఱుకయు నున్నది, పోయినది చిరునామా. కాళిదాసు కథకు అడ్డు మఱపు. సింగీతము కథకు అడ్డు నిరుద్యోగము. ఉద్యోగము లేనివానికి చిరునామా దొరకదు. తరువాతి దృశ్యమున అతడు ఉద్యోగార్థుల వరుసలో నిలిచియుండును, చేతిలో గులాబితో. చావు లేదు, పెండ్లి లేదు, మలుపు లేదు. పది కామావస్థలలో దేనికిని చెందని యొక స్థితి యది. పాత సమయమును చివరివఱకు నమ్మి, చిట్టచివర ఒక్కచోట, అదియు కథాబీజముననుండియే, త్రుంచుట నేర్చుకొనవలసిన విద్య.

వింజమూరులో చిత్రము తీయు విద్యార్థి చేతికి అందునవి యేవో ఇప్పుడు చూడవచ్చును. పై చదువులకు కావలికో ఆత్మకూరికో నెల్లూరికో బస్సెక్కి పోవు పిల్లలున్న సీమ యిది. కావున బస్సు అచట కేవల ఉద్దీపనము కాదు, కథాస్థలము. బస్సులో నాయిక టిక్కెట్టును నాయకుడు కొనుట మన చిత్రములలో ముచ్చటైన సమయముగా నుండెడిది. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు డబ్బు లేదు. ఆ సమయము ఆ నాటితో చెల్లిపోయినది. దాని స్థానమున ఏమి వచ్చును? ఆమె సున్న రూపాయల టిక్కెట్టు, అతని డబ్బు చెల్లించిన టిక్కెట్టు, రెండును ఒకే పుస్తకములో దాచిన దృశ్యము మాకు తోచుచున్నది. డబ్బు లేక చదువు మానివేయవలసినవాడు అతడు, ప్రయాణమునకు అడ్డు లేని పిల్ల ఆమె అయినచో ధనమను పాత అడ్డే ఎంత దూరము తిరిగినదో చూడుడు. కానుకకు పట్టణపు దుకాణములోని ఎఱ్ఱని బొమ్మ అక్కఱలేదు. ఉదయగిరి చెక్కగరిటెలు పేరుగన్నవి. గరిటెను కానుకగా పొందిన పిల్ల నవ్వవచ్చును, కోపగింపవచ్చును: ‘వంటకు పిలుచుచున్నావా?’ అని యడుగవచ్చును. ఆ యొక్క ప్రశ్నలో ఆమె చదువు, ఆమెకు ఇంటిలో కుదుర్చుచున్న సంబంధము, అతని అమాయకత్వము అన్నియు వచ్చును. అడ్డు ఆమె నోటినుండియే వచ్చినది.

ఇంటిపేరు మాట మిగిలినది. దానిని ఎవ్వరును పలుకనక్కఱలేదు. హాజరుపట్టికను అధ్యాపకుడు చదువునపుడు ఆమె పేరు ఇంటిపేరుతో వినిపించును. అతని పేరు వచ్చుసరికి బస్సు మోత వినిపించును. ప్రేక్షకులు ఆ సీమవారైనచో ఆ మోతను చదువుకొందురు. కాకున్నను, ఏదో దాచబడినదని తెలిసికొందురు. పడమటి వీథిలో నివసింపవలసిన దర్శకునకు ఇంతవఱకు ధైర్యము చాలును. అంతకు మించి అడుగుటకు నెల్లూరిలో కుర్చీలో కూర్చున్న మాకు హక్కు లేదు.

ముఖము చూపుటకు ఒప్పుకొనని నాయికకు మాత్రము ఒక చీటి వ్రాయు దృశ్యము తప్పక ఉండవలెను. చేయి, కలము, కాగితము. ఇంటివారికి అభ్యంతరము లేని చట్రమది. అందు ఏమి వ్రాయవలెనో దర్శకుడు తాను వ్రాసి యివ్వరాదు. ఆ చేయి ఎవ్వరిదో, ఆ విద్యార్థినినే యడుగవలెను.